రోజూ 20 సెట్లు కొట్టినా బరువు పెరగట్లేదు, ఒక్క సెట్ పద్ధతి నిజంగా పనిచేస్తుందా?

ప్రశ్న (మిర్యాలగూడ):
అన్నలూ, అక్కలూ, నాకు 23 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 61 కిలోలు. రైస్ మిల్లులో కాంటా దగ్గర లెక్కలు రాస్తాను. జిమ్‌లో చేరి నాలుగు నెలలైంది. వారానికి 6 రోజులు వెళ్తాను, రోజుకు 20 సెట్ల దాకా చేస్తాను (మధ్యలో ఆగకుండా వరుసగా ఎత్తే ఒక విడతే సెట్), ప్రతి సెట్ ఫెయిల్యూర్ దాకా, అంటే ఇంకొక్కసారి కూడా ఎత్తలేననే దాకా. మొదటి రెండు నెలలు బాగానే పెరిగాను. తర్వాత బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని ఛాతీ మీంచి రాడ్ ఎత్తేది) 50 కిలోల దగ్గరే ఆగింది, మోచేయి నొప్పి మొదలైంది. ఇప్పుడు యాసంగి వడ్లు వస్తున్నాయి కాబట్టి పడుకునేసరికి పన్నెండు దాటుతుంది, ఐదింటికి మళ్లీ లేవాలి. తిండి అంటే రెండు పూటలా అన్నం, రెండు గుడ్లు, ఆదివారం చికెన్.
ఒక్కో ఎక్సర్‌సైజ్‌కు ఒక్క సెట్ గట్టిగా చేస్తే చాలని నా సోపతి వీడియో చూపించాడు. నిజమేనా? ఇంకో మాట. మా మిల్లులో హమాలీ అన్నలు పొద్దంతా బస్తాలు మోస్తారు, అయినా సన్నగానే ఉంటారు. బరువు ఎత్తితేనే కండ వస్తుందనుకుంటే వాళ్లకెందుకు రాలేదు?

జవాబు (దేవరకొండ):
తమ్ముడూ, హమాలీల మాటతోనే మొదలుపెడతాను, నీ జవాబు అందులోనే ఉంది. 40 కిలోల బస్తా మొదటి వారం వాళ్లకూ కష్టమే. ఒళ్లు దానికి సరిపడా గట్టిపడుతుంది, అక్కడితో ఆగుతుంది. ఆ తర్వాత పదేళ్లయినా అదే 40 కిలోలు. రోజుకు వందల బస్తాలు మోయడానికి పెరిగేది ఓపిక. పైగా తిన్నదంతా ఆ మోతలోనే ఖర్చవుతుంది, మిగిలితే కదా కండ పట్టేది. కండ పెరగాలంటే ఈ నెల ఎత్తిన బరువు కంటే వచ్చే నెల ఎక్కువ ఎత్తాలి, ఎత్తాక ఒళ్లు కోలుకోవాలి. నువ్వు 20 సెట్లు చేస్తూ బరువు పెంచలేకపోతున్నావంటే నువ్వూ బస్తాలు మోస్తున్నట్టే.
ఒక్క సెట్ పద్ధతి కొత్తదేం కాదు. అమెరికాలో నాటిలస్ అనే జిమ్ మెషీన్లు తెచ్చిన ఆర్థర్ జోన్స్ 1970ల్లోనే తక్కువ సెట్లు, గట్టిగా, రెస్ట్ ఎక్కువ అని చెప్పాడు. మైక్ మెంట్జర్ అనే బాడీబిల్డర్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. 1992 నుంచి 1997 దాకా వరుసగా ఆరుసార్లు మిస్టర్ ఒలింపియా బాడీబిల్డింగ్ పోటీ గెలిచిన డోరియన్ యేట్స్ కూడా ఈ దారివాడే. కానీ యేట్స్ ముందు వార్మప్ సెట్లు చేసి, చివరి ఒక్క సెట్‌లోనే ప్రాణం పెట్టేవాడు. జిమ్‌కు పోయి నేరుగా ఒక్క సెట్ చేసి ఇంటికి రావడం వేరు.
పరిశోధనల్లో ఏం తేలిందంటే, సెట్లు పెంచితే సగటున కండ కొంత ఎక్కువే వస్తుంది. అయితే మొదటి రెండు మూడు సెట్లు ఇచ్చినంత ఆ తర్వాతివి ఇవ్వవు. ఐదు గంటల నిద్రతో నీకు అవి మోచేయి నొప్పి తప్ప ఇంకేమీ ఇవ్వట్లేదు. కాబట్టి నీకు ఈ పద్ధతి సరిపోతుందని నా గట్టి నమ్మకం.
వారానికి 3 రోజులు వెళ్లు, మధ్యలో ఒక రోజు వదిలేయ్. ప్రతిసారీ ఒళ్లంతా చేయాలి: లెగ్ ప్రెస్, లెగ్ కర్ల్, బెంచ్ ప్రెస్, లాట్ పుల్‌డౌన్ (పైనున్న రాడ్‌ను గడ్డం దాకా కిందికి లాగేది), రోయింగ్, షోల్డర్ ప్రెస్. ఒక్కోదానికి రెండు వార్మప్ సెట్లు, ఆపైన ఒకటి లేదా రెండు అసలు సెట్లు. దించేటప్పుడు 3 సెకన్లు పట్టాలి. 6 రెప్స్, అంటే వరుసగా ఆరుసార్లు, వచ్చే బరువుతో మొదలుపెట్టి, 10 వచ్చిన రోజు 2.5 కిలోలు పెంచు. సెట్‌కు సెట్‌కు మధ్య 2, 3 నిమిషాలు ఆగు. అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకో. కాంటా దగ్గర లెక్క తప్పనివ్వవు కదా, ఇదీ అంతే శ్రద్ధగా రాయాలి.

ప్రశ్న (మిర్యాలగూడ):
థ్యాంక్స్ అన్నా. ఫెయిల్యూర్ అంటే ఎక్కడ ఆపాలి? బెంచ్ దగ్గర సపోర్ట్‌కు ఒక్కోసారి ఎవరూ ఉండరు.

జవాబు (దేవరకొండ):
లాట్ పుల్‌డౌన్‌లో చూడు. తొమ్మిదో రెప్ మెల్లగానైనా గడ్డం దాకా వస్తుంది. పదోది నుదురు దగ్గర ఆగిపోతుంది. మోచేతులు వణుకుతాయి, ఎంత లాగినా రాడ్ అంగుళం కూడా దిగదు. అప్పుడు నడుము వెనక్కి వంచి లాగెయ్యాలనిపిస్తుంది. అలా అనిపించిన దగ్గరే సెట్ అయిపోయినట్టు. వంచి లాగింది లెక్కలోకి రాదు.
మెషీన్ల మీద అంత దూరం పోవచ్చు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, ఒంటరిగా బెంచ్ చేసేటప్పుడు మాత్రం ఇంకో ఒకటి రెండు రెప్స్ మిగిలుండగానే ఆపెయ్. దానివల్ల కండ విషయంలో పెద్దగా పోయేదేం లేదు.
ఐదేళ్ల కింద పొద్దున ఐదున్నరకు జిమ్‌లో నేనొక్కణ్నే ఉన్నాను. 70 కిలోలతో బెంచ్, ప్లేట్లకు లాక్‌లు బిగించి ఉన్నాయి. ఏడో రెప్ ఛాతీ మీదే ఆగిపోయింది. ఒక పక్కకు వంచి ప్లేట్లు జార్చేద్దామంటే లాక్‌లు అడ్డం. అరిచినా వినేవాళ్లు లేరు. చివరికి రాడ్‌ను పొట్ట మీదుగా తొడల దాకా దొర్లించుకుని లేచి కూర్చున్నాను. పక్కటెముకల కింద పది రోజులు కమిలిపోయి ఉంది. ఎవరూ లేనప్పుడు డంబెల్స్‌తో చేయి తమ్ముడూ, లేదా చెస్ట్ ప్రెస్ మెషీన్ వాడు. రాడ్‌తోనే చేయాల్సి వస్తే లాక్‌లు పెట్టకు.

జవాబు (మహబూబ్‌నగర్):
తమ్ముడూ, వ్యాయామం సంగతి అన్న చెప్పాడు, తిండి సంగతి నేను చెప్తా. కిలో బరువుకు 1.6 గ్రాముల ప్రొటీన్ అనుకుంటే నీకు రోజుకు సుమారు 98 గ్రాములు కావాలి. నాలుగు గుడ్లకు 24. వండకముందు తూచిన 150 గ్రాముల బోన్‌లెస్ చికెన్‌కు 33. అర లీటరు పాలకు 16. గుప్పెడు కందిపప్పు, అంటే 50 గ్రాములకు 11. అదే 50 గ్రాముల పల్లీలకు 12 పైనే. పాలమూరు పల్లీ మీకు దొరకనిది కాదు, నానబెట్టుకునో ఉడకబెట్టుకునో తిను. మిగతాది అన్నంలో, జొన్న రొట్టెలో వచ్చేస్తుంది. డబ్బా పౌడర్ లేకుండానే సరిపోతుంది. చికెన్ రోజూ కుదరకపోతే ఆ రోజు ఇంకో రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు పెంచు. అన్నం మాత్రం తగ్గించకు, బరువు పెరగాల్సినవాడివి.
మన దగ్గర ఏప్రిల్, మే ఎండలు తెలిసినవే. మధ్యాహ్నం రేకుల షెడ్డు జిమ్‌లో చేయకు. ముందు, తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ తాగు. ఒకవేళ బాగా గట్టిగా చేసిన తర్వాత ఒంటేలు డికాక్షన్ రంగులో వస్తే, కండ బాగా దెబ్బతిని కిడ్నీల మీద భారం పడుతోందని అర్థం. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పో. మోచేయి కోసం రెండు వారాలు డిప్స్, ట్రైసెప్స్ (పై చేతి వెనక కండ) ఎక్సర్‌సైజ్‌లు ఆపు. అప్పటికీ తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కు చూపించుకో.

ఆరు వారాల తర్వాత (మిర్యాలగూడ):
అన్నా, అక్కా, నోట్‌బుక్ చూసి రాస్తున్నా. బరువు 62.5 కిలోలు. బెంచ్ 55 కిలోలకు 8 రెప్స్. లెగ్ ప్రెస్ 90 నుంచి 120కి వచ్చింది. మోచేయి నొప్పి పోయింది. లారీలు తగ్గాయి కాబట్టి ఏడు గంటలు పడుకుంటున్నా. మొదటి రెండు వారాలు మాత్రం ఇంట్లో కూర్చున్న రోజుల్లో కండ కరిగిపోతుందేమోనని టెన్షన్ పడ్డాను. వానాకాలం వడ్లు మొదలైతే వారానికి 2 రోజులే కుదురుతుంది, అప్పుడెలా?

జవాబు (దేవరకొండ):
2 రోజులు చాలు తమ్ముడూ. పోయిన రోజును పూడ్చాలని సెట్లు మాత్రం పెంచకు. లెగ్ ప్రెస్ పెంచేటప్పుడు నడుము సీటు నుంచి లేవకుండా చూసుకో.