అప్‌డేట్: పార్కింగ్‌లో గుద్ది పారిపోయిన బండి దొరికింది, తాగుడు మాత్రం రుజువు కాలేదు

ఆపి ఉన్న నా కారు వెనక డోర్‌ను గుద్ది ఒకడు వెళ్లిపోయాడు, తూలుతూ బండెక్కాడని చూసినవాళ్లు అన్నారు, ఏం చేయాలి అని అడిగాను కదా. తేలింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పని చేసింది "కింద పడ్డ ముక్కలు ఊడ్చేయకండి" అన్న మాట. అరచేతంత నల్ల ప్లాస్టిక్, సైడ్ మిర్రర్ తొడుగు. లోపలివైపు అచ్చులోనే పార్ట్ నంబర్ ఉంది, దాంతో మోడల్ తెలిసిపోయింది. సీసీటీవీలో కెమెరా ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకి నంబర్ ప్లేట్ తెల్లగా మెరిసిపోయి చివరి రెండంకెలే కనిపించాయి. మోడల్‌కి అవి కలిపితే పోలీసులకు సరిపోయింది.

ఫుటేజీ అడిగేటప్పుడు ముందూ వెనకా అరగంట కలిపి, రాతపూర్వకంగా, వెంటనే అడగండి. ఇక్కడ డీవీఆర్ (సీసీటీవీ వీడియో రికార్డయ్యే పెట్టె) గడియారం 11 నిమిషాలు వెనక నడుస్తోంది. డిస్క్ నిండితే పాతది దానంతటదే చెరిగిపోతుంది.

తాగుడు సంగతి: డ్రైవర్ దొరికేసరికి మర్నాడు సాయంత్రం. రక్తంలో ఆల్కహాల్ 100 మి.లీ.కి గంటకు సుమారు 15 మి.గ్రా. చొప్పున తగ్గుతుంది, ఇక పరీక్షలో ఏం మిగులుతుంది? తూలిన వీడియో ఒక్కటే చాలదన్నారు. ఆగకుండా పోయినందుకే కేసు నిలిచింది.

నా డోర్‌కి అంటిన వాడి బండి పెయింట్ గీరి దాచిన పొట్లం ఎవరూ అడగలేదు. నా కారులోని డాష్‌క్యామ్ (ముందు అద్దం దగ్గర పెట్టే కెమెరా) ఇంజిన్ ఆపగానే ఆగిపోయేది, అదీ దండగే. ఇన్సూరెన్స్ సర్వేయర్ చూసేదాకా సొట్ట తీయించలేదు, క్లెయిమ్ వచ్చింది.