‘జయించి యున్నాను’లో ‘యున్నాను’ ఎందుకు?

సభ్యులందరికీ నమస్కారం. యోహాను సువార్త 16వ అధ్యాయం 33వ వచనంలో యేసు ‘‘లోకములో మీకు శ్రమ కలుగును, అయినను ధైర్యము తెచ్చుకొనుడి, నేను లోకమును జయించి యున్నాను’’ అన్న చోట ‘యున్నాను’ అనవసరమనీ, అది పాత మిషనరీ తెలుగు మిగిల్చిపోయిన బరువనీ, ‘జయించాను’ అంటే సరిపోతుందనీ ఒక సభ్యులు రాశారు. వారి మీద గౌరవముంచే విభేదిస్తున్నాను. నా దృష్టిలో ఆ వాక్యానికి ప్రాణం ఆ ‘యున్నాను’లోనే ఉంది.

గ్రీకు మూలంలో ఇక్కడి క్రియ ‘నెనికేక’. పని పూర్తయిందనీ, దాని ఫలితం ఇప్పటికీ నిలిచి ఉందనీ ఒకే రూపంలో చెప్పే కాలం అది. ‘జయించాను’ అంటే గెలిచిన సంగతి తెలుస్తుంది, అంతే. నిన్నటి గెలుపు ఈ రోజుకు చేజారి ఉండవచ్చు. ‘జయించి యున్నాను’ అన్నవాడు ఆ గెలుపులో నిలబడి మాట్లాడుతున్నాడు. పక్కనున్న ‘కలుగును’ను కూడా చూడండి. మన వ్యాకరణాల్లో తద్ధర్మార్థకం అనే ఈ రూపం రేపు జరగబోయేదానికీ, ఎప్పుడూ జరుగుతూ ఉండేదానికీ చెల్లుతుంది. కనుక శ్రమ తీరిపోయిందని ఈ వచనం ఎక్కడా అనలేదు. పైగా ప్రభువు ఈ మాట అన్నది సిలువకు ముందటి రాత్రి, తనను పట్టుకొనేవారు ఇంకా దారిలో ఉండగా.

మా అనంతపురం పల్లెల మాటలో ఈ భేదం ఇంకా బతికే ఉంది. ‘వచ్చినాడు’ అంటే వచ్చాడన్న వార్త. ‘వచ్చిండాడు’ అంటే వచ్చి, ఇప్పుడు ఇక్కడే ఉన్నాడని. (తెలంగాణలో వినిపించే ‘వచ్చిండు’ వేరు, అది మామూలు భూతకాలం.) మా నాన్నగారికి ఒక నాలుగెకరాల చేను మీద సివిల్ కోర్టులో డిక్రీ (చేను మాదేనన్న తీర్పు) వచ్చింది. డిక్రీ కాగితం మా ఇంటి బీరువాలో ఉంది, ఎదుటివారి చెనిక్కాయ (వేరుశనగ) పైరు మా చేనులో ఉంది. డిక్రీని అమలు చేయించుకోవడానికి మళ్ళీ పిటిషన్ వేసి, అమీనా (కోర్టు ఉద్యోగి) వచ్చి స్వాధీనం ఇప్పించేంతవరకూ రెండు కార్లు (పంట కాలాలు) వాళ్ళే విత్తుకున్నారు. అంతకుముందు గెనిమ (చేని గట్టు) దాకా వచ్చి ఆగిన మనిషి, తీర్పు వచ్చాకనే హద్దురాయి పెరికి అవతల పారేశాడు. ఆ రోజుల్లో ఎవరైనా ‘‘కేసు ఏమాయె?’’ అని అడిగితే మా నాన్నగారు ‘‘గెల్చినాం’’ అనేవారు కాదు, ‘‘గెల్చిండాం’’ అనేవారు. చేతిలో చేను లేకపోయినా ఆ మాటలో అబద్ధం లేదు. పైరు ఎవరిదైనా, నేల ఎవరిదో తేలిపోయింది.

అందుకే ప్రకటన గ్రంథం 12వ అధ్యాయం 12వ వచనం చదివినప్పుడల్లా నాకు ఆ పెరికిన హద్దురాయి కళ్ళ ముందు కనిపిస్తుంది. ‘‘అపవాది తనకు సమయము కొంచెమే అని తెలిసికొని బహు క్రోధము గలవాడై మీయొద్దకు దిగివచ్చి యున్నాడు’’ అని అక్కడ ఉంది. అపవాది అంటే సాతాను. వాడి కోపం వాడి బలానికి గుర్తు కాదు, గడువు తీరిపోతున్నదానికి గుర్తు. అయితే ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి: ఈ ‘దిగివచ్చి యున్నాడు’కు గ్రీకులో ఉన్నది సాధారణ భూతకాలమే. కాబట్టి మన అనువాదకులు ఈ రూపాన్ని ప్రతిచోటా గ్రీకు కాలాన్ని చూసే వాడారని వాదించలేను. యోహాను 19:30లో గ్రీకు క్రియ ‘నెనికేక’ లాంటి కాలంలోనే ఉన్నా, తెలుగులో ‘సమాప్తమైనది’ అని మాత్రమే రాశారు. అయినా 16:33లో వారి చెవి సరిగ్గా పనిచేసిందని నా నమ్మకం.

ఓడిపోయినవాడే కదా, ఇక భయమెందుకు అని తేలికగా మాట్లాడేవారికి 1 పేతురు 5:8 అడ్డం వస్తుంది: అపవాది గర్జించు సింహమువలె ‘‘ఎవరిని మింగుదునా అని వెదకుచు తిరుగుచున్నాడు.’’ ఇది ఇప్పుడు జరుగుతున్న పని. సమాధుల తోటలో బిడ్డను మట్టిలో పెడుతున్న తల్లిదండ్రుల ముందు ‘‘ఓ మరణమా, నీ విజయమెక్కడ?’’ అని గట్టిగా చదివేవారిని చూశాను. నాకు బాధ కలిగింది. పౌలు ఆ ప్రశ్నను 1 కొరింథీయులకు 15లో క్షయమైనది అక్షయత ధరించే దినానికి ముడిపెట్టాడు. అదే అధ్యాయం 26వ వచనం ‘‘కడపట నశింపజేయబడు శత్రువు మరణము’’ అంటుంది. ఆ ‘కడపట’ (చివరి ఘడియ) ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఏడ్చేవారిని ఏడ్వనివ్వడం అవిశ్వాసం కాదు. డిక్రీ చేతిలో ఉండగానే మా అమ్మ ఆ చేను వైపు చూసి కన్నీళ్ళు పెట్టుకునేది.

కాబట్టి నేటి వాడుకలోకి మార్చదలిస్తే ‘జయించి ఉన్నాను’ అని మార్చండి, ‘జయించాను’ మాత్రం వద్దని నా మనవి. కడప, కర్నూలు సభ్యులు ‘గెల్చిండాం’, ‘వచ్చిండాడు’ అనే మాటలు తమ ఊళ్ళలో ఏ అర్థంతో వింటున్నారో దయచేసి రాయండి. ముఖ్యంగా నంద్యాల వైపు ఈ తేడా ఇంకా పాటిస్తున్నారా అని తెలుసుకోవాలని ఉంది.