పింగ్యావో కోట ఊరు: ఆ జనంలో పడి వెళ్ళడం దండగా?

తూర్పుగాలి: షాంఘైలో జాబ్ నాది. అమ్మానాన్న వస్తున్నారు, మాకు దొరికేది అక్టోబర్ 1 నుంచి చైనా అంతటా ఉండే వారం రోజుల సెలవులే. షాన్షీ ప్రావిన్స్‌లో పింగ్యావో అని చుట్టూ గోడ ఉన్న పాత ఊరుంది కదా, అక్కడికి తీసుకెళ్దామని. ఆఫీస్‌లో వాళ్ళేమో కాలు పెట్టే చోటుండదు, అన్నీ షాపులే, వద్దు అంటున్నారు. వెళ్ళినవాళ్ళు చెప్పండి.

గోదారోడు: మీ ఆఫీస్ వాళ్ళు చెప్పిందే కరెక్ట్ అండీ. దక్షిణ వీధిలో ఆ పాత టవర్ కింద నుంచి దాటడానికే చెమటలు పట్టాయి మాకు. స్కూళ్ళు, ఆఫీసులు ఎప్పుడో గోడ బయటికి మార్చేశారు, ఉన్న జనం కూడా చాలామంది వెళ్ళిపోయారు, వాళ్ళ ఇళ్ళన్నీ లాడ్జిలయ్యాయి. ఊరనేది పోయి బజారు మిగిలింది. దానికి అంత దూరం ఎందుకు?

ఇటుకబట్టీ: అన్నా, దీనికి మాత్రం నేను ఒప్పుకోను. జనం ఉండేది రెండు మూడు వీధుల్లోనే, పక్క సందులోకి తిరిగితే గుమ్మంలో కూర్చున్న ముసలాళ్ళు, ఆరేసిన బట్టలు, ఇంకా అక్కడ కాపురాలున్నాయి. అసలు ఈ ఊరు మిగలడమే పెద్ద విషయం. 1823లో రిషెంగ్‌చాంగ్ అని ఇక్కడే మొదలైంది చైనాలో మొదటి డ్రాఫ్టు బ్యాంకు, ఒక ఊళ్ళో వెండి కట్టి కాగితం తీసుకుంటే ఇంకో ఊళ్ళో వెండి ఇచ్చేవాళ్ళు, మన పాతకాలం వర్తకుల హుండీ కాగితం లాగే, దారిలో దొంగల భయం లేకుండా. తర్వాత ఆ వ్యాపారం పడిపోయింది, ఊరు పేదదైంది, పాత ఇళ్ళు పీకి కొత్తవి కట్టుకునే డబ్బు లేక అలాగే ఉండిపోయాయి. 1980ల మొదట్లో రోడ్లు వెడల్పు చేయాలని కూల్చడం మొదలుపెట్టారు కూడా, టోంగ్జీ యూనివర్సిటీ ప్రొఫెసర్ రువాన్ యిసాన్ అడ్డుపడకపోతే ఈపాటికి అక్కడ అపార్ట్‌మెంట్లు లేచేవి. 1997లో యునెస్కో లిస్టులోకి ఎక్కింది, టూరిస్టుల డబ్బు వచ్చింది కాబట్టే రిపేర్లు జరుగుతున్నాయి. జనం రాకూడదంటే ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు చెప్పు?

గోదారోడు: రిపేర్లు అంటున్నారు కదా, 2021 అక్టోబర్ వానలకి ఆ గోడలో ఒక ముక్క కూలింది. 1370లో కట్టిన గోడ, లోపలంతా దిమ్మిస కొట్టిన మట్టే, పైన ఇటుక తొడుగు, ఆరు కిలోమీటర్ల చుట్టు. అలాంటి గోడ మీదకి సెలవు రోజుల్లో అన్ని వేల మందిని ఎక్కించడం న్యాయమా? రోజుకి ఇంతమందే అని లెక్క పెట్టి పంపాలి.

ఇటుకబట్టీ: కూలింది వాన నీళ్ళకి అన్నా, నడిచినందుకు కాదు. కానీ లెక్క పెట్టాలన్న మాటకి నేనూ ఓకే. ఇళ్ళ సంగతి కూడా ఒప్పుకుంటా, అద్దె బాగా వస్తుందని ఉన్నవాళ్ళు బయటికి పోతే ఇంకో ఇరవై ఏళ్ళకి ఆ సందులు కూడా లాడ్జిలే అవుతాయి, అదే నాకు గోడ కంటే ఎక్కువ భయం. గోల్కొండలో చూడండి, కోట గోడల లోపల ఇప్పటికీ బస్తీలున్నాయి, మసీదులున్నాయి, అందుకే అది ఊరిలా ఉంటుంది.

చాయ్‌పత్తా: అసలు అడిగిన ప్రశ్న పక్కకి పోయింది. తమ్ముడూ, పెద్దవాళ్ళతో ఆ వారం మాత్రం వద్దు. ట్రైన్ టికెట్లు దొరకవు, రూముల రేట్లు ఎక్కడికో పోతాయి. నాలుగు రోజులు లీవ్ పెట్టి సెలవులు అయ్యాక వెళ్ళు. గోడ లోపలే పాత మండువా ఇల్లు లాంటి దాంట్లో రూమ్ తీసుకో, పొద్దున్నే టూర్ బస్సులు రాకముందు వీధులు తిరిగెయ్యండి, జనం ఎక్కే టైముకి ఊరు వదిలి షువాంగ్‌లిన్ గుడికి పోండి. ఆరేడు కిలోమీటర్లే, రంగులేసిన మట్టి బొమ్మలు రెండు వేల పైన ఉంటాయి. ఝెంగువో గుడిలో 963లో కట్టిన చెక్క మందిరం ఇప్పటికీ నిలబడే ఉంది. ఈ రెండూ కూడా యునెస్కో లిస్టులోవే, అయినా జనం తక్కువ.

తూర్పుగాలి: థాంక్స్ అక్కా. లీవ్ అడుగుతా. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, గోడ ఎక్కగలరా?

చాయ్‌పత్తా: మెట్లు నిటారుగా ఉంటాయి, పైకెక్కాక మాత్రం చదునే. ఇబ్బందైతే ఆయన్ని కింద వీధుల్లో ఎలక్ట్రిక్ బండిలో తిప్పు.

గోదారోడు: సెలవుల తర్వాతైతే వెళ్ళండి, నేనూ అదే చెప్తా. కానీ ఆ సందుల్లో ఇళ్ళ ముందు నిలబడి ఫోటోలు తీసేముందు ఒకసారి అడగండి, వాళ్ళు ఉంటున్న ఇల్లు అది.