అప్‌డేట్: అమ్మను దుబాయ్ హెలికాప్టర్ టూర్‌కి తీసుకెళ్లాం

కారెక్కితేనే వాంతులయ్యే అమ్మను దుబాయ్‌లో హెలికాప్టర్ ఎక్కించవచ్చా అని అడిగాను కదా, మొన్న ఎక్కించాం. వాంతి కాలేదు, కళ్లు కూడా తిరగలేదు. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

బాగా పనిచేసింది డాక్టర్‌ని అడగమన్న మాట. అమ్మకి బీపీ ఉంది కాబట్టి డాక్టర్‌గారు ముందు అది చూసి, ప్రయాణాల్లో వేసుకునే వాంతుల మాత్ర రాశారు. గంట ముందు వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వద్దు, తేలిగ్గా ఏదైనా తినమన్నారు. తిన్నగా కిందకి కాకుండా దూరంగా సముద్రం అంచు వైపు చూడమన్న సలహా కూడా కలిసొచ్చింది.

ముందు సీటు కోసం పట్టుబట్టమని కొందరన్నారు. అది మన చేతిలో లేదండీ. అందరి బరువులూ తూచి, బ్యాలెన్స్ చూసుకుని వాళ్లే కూర్చోబెడతారు. అమ్మకి వెనక సీటే వచ్చింది, ఇబ్బందేమీ లేదు. చెవుల్లో దూది అక్కర్లేదు, హెడ్‌సెట్ ఇచ్చారు.

చలికాలంలో పొద్దుటి స్లాట్ తీసుకుంటే పొగమంచు సంగతి చూసుకోండి. మాకు మంచు విడిచేదాకా ఆపారు, ఆ కాసేపే టెన్షన్. సముద్రంలో కట్టిన పామ్ జుమేరా దీవికి ఉన్న ఖర్జూర చెట్టు ఆకారం నేలమీద తిరిగితే తెలియదు, పైనుంచి మట్టలతో సహా కనిపిస్తుంది. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా కన్నా అమ్మకి అదే నచ్చింది.