అప్‌డేట్: జీపు స్టీరింగ్ వణుకు పోయింది

మా పాత జీపుకి కమాను కట్టలు మార్చి 2 అంగుళాలు లేపాక, స్పీడు 60 దాటితే స్టీరింగ్ గడగడలాడుతోందని అడిగాను కదా. టైర్ల బ్యాలెన్సింగేనని ఎక్కువమంది అన్నారు. చేయించినా లాభం లేదు. క్యాస్టర్ (స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం మళ్లే కింగ్‌పిన్ అనే పిన్ను ముందుకో వెనక్కో వాలే కోణం) చూడమన్న అన్నకి దండం! మా షెడ్డులోనే ముందు యాక్సిల్‌కీ కమానుకీ మధ్య ఇనుప వెడ్జ్‌లు దూర్చి యూ బోల్టులు బిగించాం. కింగ్‌పిన్ పైకొస కాస్త వెనక్కి వాలింది, వణుకు మాయం. పొదలకూరు రోడ్డులో చెయ్యి వదిలినా తిన్నగా పోతోంది.

కాకపోతే దాంతోపాటే యాక్సిల్ పినియన్ మూతి (ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి తగిలే చోటు) కిందికి దిగి, ముందు చక్రాలకి ఇంజన్ శక్తి అందించే ఆ షాఫ్ట్ జాయింట్ కోణం పెరిగింది. ఫోర్‌వీల్ వేస్తే సన్నగా రొద. మైపాడు బీచ్ ఇసుకలో మాత్రం టైర్ల గాలి 18 పీఎస్‌ఐకి దించితే ఎక్కడా దిగబడలేదు. ఉప్పుగాలికి ఛాసిస్ తుప్పు పట్టకుండా ఏం పూస్తున్నారో చెప్పండి.