శాంపిల్ ఇచ్చాక రిపోర్టు వచ్చేదాకా మాట్లాడుకోవడానికి మన వైపు ఎవరైనా ఉన్నారా?

కుట్టుమిషను, సత్యనారాయణపురం (విజయవాడ)

నాకు 46 ఏళ్లు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. 2019లో దసరా పని మీద పడ్డ రోజుల్లో ఎడమ డొక్కలో బరువుగా ఉంటే గ్యాస్ అనుకున్నాను. రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు 1,80,000. పదకొండు వేల లోపు ఉండాలట. సీఎంఎల్ అన్నారు, అదొక రకం బ్లడ్ క్యాన్సర్. అప్పటినుంచి రోజూ రాత్రి భోజనం కాగానే ఇమాటినిబ్ 400 మాత్ర ఒకటి, పెద్ద గ్లాసు నీళ్లతో.

ఒంట్లో జబ్బు ఇంకా ఎంత మిగిలి ఉందో చూడటానికి మూడు నెలలకోసారి పీసీఆర్ అనే రక్తపరీక్ష. పోయినసారి 0.03 శాతం వచ్చింది. 0.1కి లోపలే ఉంది, ధైర్యంగా ఉండమన్నారు డాక్టరుగారు. ఇంట్లో అందరూ "తగ్గిపోయిందిగా" అంటారు. నిజమే, తగ్గింది. కానీ శాంపిల్ ఇచ్చిన రోజు నుంచి రిపోర్టు వచ్చేదాకా ఆ పది రోజులూ నాకు చేతిలో కత్తెర నిలవదు. పోయినసారి ఒకావిడ పట్టు జాకెట్టుకి మెడ తప్పు కత్తిరించాను. కొత్త గుడ్డ కొని కుట్టిచ్చాను గానీ, ఎందుకలా జరిగిందో ఆవిడకి చెప్పలేకపోయాను.

చెప్పే వీల్లేదు. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. "పెళ్లయ్యేదాకా ఈ మాట బయటికి రానివ్వకు" అని మా ఆడపడుచు ఒట్టు వేయించుకుంది. మందు వల్ల పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బి ఉంటాయి. "ఏడ్చావా అక్కా?" అని పక్కింటమ్మాయి అడిగితే నిద్ర పట్టలేదంటాను.

ఈ మాత్ర వేసుకునేవాళ్లు విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఉంటే, ఒక గంట కూర్చుని మాట్లాడుకోవాలని ఉంది.

బ్రాడీపేట, గుంటూరు

అమ్మా, నేను ఉన్నాను. 2008 నుంచి ఇదే మాత్ర. ఇప్పుడు 63 ఏళ్లు.

రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయా? మీరు రాయలేదు గానీ చాలామందికి ఉంటుంది. నాకైతే మొదటి రెండేళ్లూ అర్ధరాత్రి లేచి గోడ పట్టుకుని నిలబడేవాణ్ణి. మీ డాక్టరుగారికి చెప్పండి, ఇది కూడా చెప్పాలా అనుకోకండి.

ఒక్క తప్పు మాత్రం చేయకండి. నాలుగేళ్లు బాగుందని, మా అబ్బాయి పెళ్లి హడావుడిలో రెండు నెలలు మాత్ర ఒకరోజు వేసుకుని ఒకరోజు మానేశాను. 0.04 ఉన్నది 0.6కి వెళ్లింది. మళ్లీ దిగడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది మా ఆవిడ మొహంలోకి సూటిగా చూడలేకపోయాను. కొన్నేళ్లు రిపోర్టులు బాగా నిలకడగా ఉన్నవాళ్లకి డాక్టర్లే నెలనెలా పరీక్షలు చేస్తూ మందు ఆపి చూస్తారు. అది వాళ్లు చేయాల్సిన పని.

మందు ధర చూసి బెంబేలెత్తిన రోజులు నాకు తెలుసు. గ్లివెక్ అంటే మన ఇమాటినిబ్‌కే విదేశీ కంపెనీ పెట్టిన పేరు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు దాని పేటెంటు దరఖాస్తు కొట్టేసిన వార్త కత్తిరించి ఇప్పటికీ బీరువాలో దాచుకున్నాను. మన దేశపు కంపెనీల చవక మాత్ర నిలబడింది గనకే ఈ రోజు మీకు ఇది రాస్తున్నాను.

ఫ్రెండ్స్ ఆఫ్ మ్యాక్స్ అని మన సీఎంఎల్ వాళ్లకి తోడుగా ఉండే ఒక గ్రూపు ఉంది. ఊళ్లలో మీటింగులు పెడతారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేనేమీ మాట్లాడలేదు. పక్కన కూర్చున్నాయన "మీది ఎంత?" అన్నాడు. నా అంకె చెప్పాను, ఆయన అంకె ఆయన చెప్పాడు. అంతే, ఇద్దరం టీ తాగాం. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మంగళగిరి అమ్మాయి

పిన్నిగారూ, నేను పేషెంటుని కాదు. మా అమ్మకి సీఎంఎల్. నాకూ ఇలాగే దాచారు. డిగ్రీలో ఉండగా బియ్యం డబ్బాలో మాత్రల స్ట్రిప్ దొరికింది. జబ్బు కన్నా, అమ్మ మూడేళ్లు ఒక్కతే మోసిందన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నా సంబంధం అప్పుడు ఇదే భయం వచ్చింది. నేనే డాక్టరుగారిని అడిగాను. 9, 22 నంబర్ల క్రోమోజోముల ముక్కలు మూలుగలోని ఒక కణంలో తారుమారు కావడం వల్ల వస్తుందట. పుట్టుకతో ఉండదు, పిల్లలకి రాదు. సెప్టెంబరు 22ని సీఎంఎల్ రోజుగా పెట్టింది కూడా ఆ అంకెల వల్లే. ఇదే మాట మా అత్తగారికి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మీ అమ్మ ఏం తినొచ్చు, ఏం తినకూడదు?" అని అడిగింది.

అందరూ అలా ఉంటారని చెప్పను. మాకు ముందు వచ్చిన ఒక సంబంధం ఇది తెలిసే పోయింది. కానీ మీ అమ్మాయికి తెలుసా? ముందు ఆ అమ్మాయికి చెప్పండి.

కుట్టుమిషను, సత్యనారాయణపురం

మా అమ్మాయికి రక్తం తక్కువని చెప్పి ఉంచాను. మీ మాట చదివి మూడు రోజులు ఆలోచించాను. నిన్న రాత్రి మాత్ర చేతిలో పెట్టుకుని చెప్పేశాను. చాలాసేపు ఏడ్చింది. అయ్యాక నా పాత రిపోర్టులన్నీ తీయించి, తారీఖుల వరసలో ఫైలు పెట్టింది. ఆడపడుచుకి తనే చెబుతానంటోంది.

అన్నయ్యగారూ, పిక్కలు పట్టేస్తున్నాయి. ఐదేళ్లుగా మిషను తొక్కడం వల్లనే అనుకుంటున్నాను. వచ్చే సోమవారం శాంపిల్ ఇస్తాను. ఆ తర్వాతి ఆదివారం మా అమ్మాయీ నేనూ గుంటూరు రావచ్చా?

బ్రాడీపేట, గుంటూరు

తప్పకుండా రండమ్మా. భోజనం మా ఇంట్లోనే. ఫోన్ నంబరు విడిగా మెసేజ్ చేశాను. మంగళగిరి దారిలోనే కదా, ఆ అమ్మాయినీ వాళ్లమ్మగారినీ కూడా రమ్మనండి.