మా వాడు ఫ్రటర్నిటీలో చేరతానంటున్నాడు, ఈ 'అలుమ్నై' నిజంగా ఏం చేస్తారు?

గుంటూరు_టు_డాలస్:

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇక్కడే టెక్సస్‌లో ఓ యూనివర్సిటీలో సెకండియర్. నిన్న రాత్రి ఫోన్ చేసి ఫ్రటర్నిటీ (ఇక్కడి కాలేజీల్లో మగపిల్లల సంఘం) నుంచి 'బిడ్' వచ్చిందన్నాడు. నేను ఏదో వేలంపాట అనుకున్నాను. "మాలో చేరు" అని పిలవడమట. శుక్రవారంలోపు చెప్పాలట. సెమిస్టర్‌కి 650 డాలర్లు.

నేనూ వాళ్లమ్మా వద్దన్నాం. దానికి వాడు చెప్పిన కారణం ఒకటే: "పార్టీల కోసం కాదు నాన్నా. అలుమ్నై, అంటే చదివి వెళ్లిన పాత సభ్యులు ఉంటారు, మెంటరింగ్ చేస్తారు, ఇంటర్న్‌షిప్పులకి సాయం చేస్తారు." ఉద్యోగం, పిల్లలు, ఇంటి లోను ఉన్న నలభై ఏళ్లవాళ్లు కాలేజీ కుర్రాళ్ల కోసం ఊరికే టైం ఎందుకు పెడతారు? నాకు నమ్మబుద్ధి కావట్లేదు.

ఇంకో సంగతి. నేను ఇంజనీరింగ్‌లో చేరింది 1995లో. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది 1997లో. ఫస్టియర్‌లో మూడు నెలలు నా చొక్కా మూడో గుండీ తప్ప ఇంకేమీ చూడకుండా తిరిగాను. 'సీనియర్లు చూసుకుంటారు' అనే మాట వింటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఇక్కడ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

వేపపుల్ల:

వద్దే వద్దండి. 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్‌లో 19 ఏళ్ల కుర్రాణ్ణి చేరిన రాత్రే విపరీతంగా తాగించారు. మెట్ల మీద నుంచి పడితే దాదాపు 12 గంటలు అంబులెన్స్ పిలవలేదు. పోయాడు. మరుసటి ఏడాది ఆ పిల్లాడి పేరు మీదే పెన్సిల్వేనియాలో చట్టం చేశారు. అన్నీ చదివే చెప్తున్నా. 650 పెట్టి మంచి కోచింగ్ ఇప్పించండి.

కొలంబస్_కుర్రాడు:

అన్నా, వేపపుల్ల గారు చెప్పింది నిజమే. అది లేనట్టు మాట్లాడను. కాకపోతే నేను ఆరేళ్లుగా ఒక చాప్టర్‌కి (అంటే ఒక కాలేజీలో ఉండే ఫ్రటర్నిటీ శాఖకి) అలుమ్నై అడ్వైజర్‌ని, కాబట్టి నేను చూసింది చెప్తాను. (పేరుకే కుర్రాణ్ణి, 41 నిండాయి. పదకొండేళ్లప్పుడు ఖమ్మం నుంచి ఒహాయో వచ్చాను. ఈ మాత్రం తెలుగు మా అమ్మ చలవ.)

ఊరికే ఎందుకు చేస్తారని అడిగారు. ఎక్కువమంది చెయ్యరు. మా చాప్టర్‌లో చదివి వెళ్లినవాళ్లు వందల్లో ఉంటారు, పనిచేసేది అయిదుగురం. మిగతావాళ్లు హోమ్‌కమింగ్ (పాత విద్యార్థులు కాలేజీకి తిరిగొచ్చే పండగ) శనివారం వచ్చి, ఫుట్‌బాల్ చూసి, "మా రోజుల్లో అయితేనా..." అని మొదలుపెడతారు. నాకు భయం ఆ మాటతోనే. "మమ్మల్ని ఇంతకన్నా ఏడిపించారు, అందుకే ఇలా గట్టిపడ్డాం" అని ఓ పెద్దమనిషి అంటే పంతొమ్మిదేళ్లవాడికి అది వేదవాక్కు. అలా అన్న ఒకాయన్ని వరండాలోంచే వెనక్కి పంపేశాను. నాకన్నా పదేళ్లు సీనియర్. ఇప్పటికీ నాతో మాట్లాడడు.

ఇక చేసే పని అంటారా, చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు. ఆఫీసర్లు ఏటా మారిపోతారు. ప్రెసిడెంటూ ట్రెజరరూ అంతా ఇరవై ఏళ్లవాళ్లే, పని వంటబట్టేసరికి పదవి దిగిపోతారు. నిరుడు ఎక్కడ దెబ్బతిన్నామో గుర్తుండేది మాకే. మొన్న జనవరిలో కొత్త ట్రెజరర్ లెక్కలు పట్టుకొచ్చాడు. పద్నాలుగు మంది డ్యూస్ (సభ్యత్వం డబ్బులు) కట్టలేదు. ఫ్రెండ్సే కదా అని పాతవాడు మొహమాటపడి వదిలేశాడు. నేషనల్ ఆఫీసుకీ ఇన్సూరెన్సుకీ మాత్రం తలకింత చొప్పున కట్టి తీరాలి. మూడు ఆదివారాలు కూర్చుని ఒక్కొక్కరికీ వాయిదాలు రాయించాం. "నాకు అడగడం రాదు అంకుల్" అన్నాడు. (అంకుల్!) నా ఎదురుగానే ఫోన్లు చేయించాను. మూడో ఫోన్‌కి వచ్చేసింది.

ఇల్లున్న చాప్టర్లకి ఇంకో తలనొప్పి. చాలాచోట్ల ఆ ఇల్లు కుర్రాళ్లదీ కాదు, యూనివర్సిటీదీ కాదు. పాత సభ్యులు హౌస్ కార్పొరేషన్ అని విడిగా సంస్థ పెట్టి దాని పేరున ఉంచుతారు, కుర్రాళ్లు అద్దె కడతారు. పైకప్పు కారినా, ఫైర్ అలారం పలక్కపోయినా మా నెత్తినే. మీవాడు చేరేది దక్షిణాసియా పిల్లలు మొదలుపెట్టిన వాటిలో ఒకటైతే, అంటే 1998లో ఆస్టిన్‌లో పుట్టిన డెల్టా ఎప్సిలాన్ సై లాంటిదైతే, మామూలుగా సొంత ఇల్లుండదు. అలాంటిచోట పెద్దవాళ్ల సాయం ఎక్కువగా ఉద్యోగాల వైపు ఉంటుంది. రెజ్యూమె దిద్దడం, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చెయ్యడం, తెలిసినవాళ్లకి ఓ ఈమెయిల్ కొట్టడం. ఉద్యోగం ఇప్పించేస్తారని మాత్రం అనుకోవద్దు.

ఒక్క కుర్రాడి సంగతి చెప్తాను. తెలుగువాడే. ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండోసారి కూడా పోయేలా ఉంది. డాక్టర్ అవ్వాలని ఇంట్లో ఆశ. మూడు వారాలు గది దాటి బయటికి రాలేదు. వాడి 'బిగ్ బ్రదర్' (చాప్టర్‌లో వాడికి తోడుగా పెట్టిన సీనియర్) నాకు ఫోన్ చేశాడు. కాఫీ షాపులో కూర్చుంటే గంటసేపు "అయామ్ ఫైన్" తప్ప వేరే మాట లేదు. లేచి వెళ్లబోతుంటే మెల్లిగా తెలుగులో "కోర్సు డ్రాప్ చెయ్యడానికి ఆఖరి తేదీ అయిపోయిందా అన్నా?" అన్నాడు. ఇంకా రెండు రోజులుంది. నేను చేసిందల్లా కౌన్సెలింగ్ సెంటర్ దాకా తోడు వెళ్లడం, వాడు ఇంటికి ఫోన్ చేసేటప్పుడు పక్కన ఉండడం. వాళ్ల నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "ఫీజు రిఫండ్ వస్తదా?" వాడికి నవ్వాగలేదు. నెల రోజుల్లో అదే మొదటి నవ్వు అనుకుంటా.

తాగుడు గురించి: కొత్తవాళ్ల మొదటి మీటింగులో నేను చెప్పేది, ఎవరైనా లేపినా లేవకపోతే ముందు 911, తర్వాత నేను. తాగినవాణ్ణి కాపాడ్డానికి ఫోన్ చేసిన పిల్లాడి మీద తాగాడని కేసు పెట్టకుండా మీ టెక్సస్‌లోనూ చట్టం ఉంది, ఇది మీవాడికి తప్పకుండా చెప్పండి. ఆరేళ్లలో రాత్రి ఒంటిగంట దాటాక నాకు రెండు ఫోన్లు వచ్చాయి. రెండుసార్లూ అంబులెన్స్ అప్పటికే బయల్దేరింది.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. అడ్వైజర్ పేరు, నంబరు మీవాణ్ణి అడగండి. చాప్టర్‌కి ఆఖరిసారి ఎప్పుడు వచ్చారో, కొత్తవాళ్లకి జరిపే ఆరేడు వారాల కార్యక్రమంలో ఆయన కనిపిస్తారో లేదో కనుక్కోండి. మీవాడు "అవి సీక్రెట్ నాన్నా" అంటే అక్కడే ఆపెయ్యండి. రిచువల్ సీక్రెట్ అయితే అవ్వచ్చు, అడ్వైజర్ ఫోన్ నంబర్ సీక్రెట్ ఏమిటి? 2024 డిసెంబరులో హేజింగ్ (ఇక్కడి ర్యాగింగ్) మీద ఫెడరల్ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఏ సంస్థ మీద తప్పు తేలిందో యూనివర్సిటీలే వెబ్‌సైట్‌లో పెట్టాలి. మీవాడు చెప్పిన పేరు అందులో వెతకండి.

సియాటిల్_సుబ్బలక్ష్మి:

మా అమ్మాయి సొరోరిటీలో (ఆడపిల్లల ఫ్రటర్నిటీ లాంటిది) ఉందండి. మేమూ మొదట ఇలాగే గొడవపడ్డాం. వాళ్ల అడ్వైజర్ ఒక బ్యాంకులో పనిచేసే ఆవిడ, యాభై పైనే ఉంటాయి. మా పిల్లకి ఇంటర్వ్యూ నేర్పుతూ "నీ గురించి చెప్పు అంటే మీ నాన్నగారి గురించి చెప్తున్నావేంటి" అందట. మా ఆయనకి కోపం వచ్చింది, నాకైతే ఆవిడ నచ్చింది. అన్ని చాప్టర్లూ ఇలాగే ఉంటాయని చెప్పలేను. మా పక్కింటి వాళ్లబ్బాయి వేరేచోట చేరి రెండు వారాల్లో బయటికొచ్చేశాడు, ఎందుకో ఇప్పటికీ చెప్పడు.

గుంటూరు_టు_డాలస్:

అందరికీ థాంక్స్. కొలంబస్ తమ్ముడూ, నువ్వన్నట్టే నంబరు అడిగాను. మొదట గొణిగాడు, పది నిమిషాల్లో పంపాడు. యూనివర్సిటీ జాబితాలో వీళ్ల పేరు లేదు.

నిన్న సాయంత్రం ఆ అడ్వైజర్‌తో అరగంట మాట్లాడాను. కొత్తవాళ్ల కార్యక్రమం ఆరు వారాలట, ఏ వారం ఏం చేయిస్తారో కాగితం పంపాడు. ఒకటి నచ్చలేదు. రాత్రిపూట జరిగే వాటిలో రెండింటికి తాను ఉండనన్నాడు. ఎవరుంటారంటే ఇంకొకాయన పేరు చెప్పాడు, ఆయన ఫోన్ ఎత్తట్లేదు. రేపు మళ్లీ చేస్తా. ఆయన మాట్లాడేదాకా సరే అనేది లేదని మావాడికి చెప్పాను.

చివర్లో ఆ అడ్వైజర్ నన్నే అడిగాడు, మీరేం చేస్తారని. డేటాబేస్ పని, ఇరవై రెండేళ్లు అన్నాను. అయితే వచ్చే నెల ఉత్తుత్తి ఇంటర్వ్యూలకి మనుషులు చాలట్లేదు, మీవాడు చేరినా చేరకపోయినా ఓ శనివారం రాగలరా అన్నాడు. చూస్తానన్నాను.

మావాడు మాత్రం రావద్దంటున్నాడు.